గుండ్లచేను సాక్షి

మదనపల్లె
12-3-1975

అక్కకు, బావకు గంగాధరం నమస్కారాలు.

నీ ఉత్తరం, బస్సు కండక్టరు చేతికిచ్చి పంపిన నిమ్మకాయ ఊరగాయ, రెండూ చేరాయి. జాడీ మూత వదులుగా ఉండి నూనె నా నల్లకోటుకు అంటింది. వాదన చెబుతుంటే జడ్జిగారు రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, ఆకలవుతోందని కోర్టు తొందరగా ముగించారు.

అసలు సంగతి. కొత్త భూపరిమితి చట్టం కింద ఎవరికెంత భూమి ఉందో రాసివ్వాలి. బావ లెక్క చూశాను. ఉన్నదున్నట్టు రాస్తే తొమ్మిదెకరాల గుండ్లచేను, బావితో సహా సర్కారుకు పోతుంది. కాబట్టి ఆ చేను అయిదేళ్ళ కిందటే అమ్మేసినట్టు చూపిద్దాం. చుట్టాల పేరు పెడితే పట్టుకుంటారు. మీ జీతగాడు కదిరప్ప పేరు పెడదాం. పాత తేదీ స్టాంపు కాగితాలు నా దగ్గర ఉన్నాయి. ఊరి లెక్కల్లో అతని పేరు ఎక్కించే పని కరణంతో బావ చూసుకోవాలి. ఇంకొక స్టాంపు కాగితం మీద ఏమీ రాయకుండా కదిరప్ప వేలిముద్ర వేయించి నీ ట్రంకుపెట్టెలో దాచు. అంతా సద్దుమణిగాక దాన్ని నింపి చేను మన పేరుకు తిప్పుకుందాం.

ఒకటే చిక్కు. విచారణలో కదిరప్ప తన నోటితో 'చేను నాది' అని చెప్పాలి. నా పద్ధతి నీకు తెలుసు. సాక్షికి మాటలు నేర్పిస్తే చాలదు, అవి కడుపులోనుంచి రావాలి. గొడ్డుకు నీళ్ళు తాపినట్టు రోజూ వేళకు చెప్పించు.

నీ తమ్ముడు
గంగాధరం


బోడిగుట్టపల్లె, పుంగనూరు తాలూకా
2-5-1975

ఒరే గంగా, నిండు నూరేళ్ళు బతుకు.

కోటుకు ఊరగాయ అంటితే మంచిదే, నీ వాదనకు కాస్త కారం వస్తుంది.

నువ్వు పెట్టిన పని మామూలుది కాదు నాయనా. రోజూ పొద్దున పాలు పితికే ముందు కదిరప్పను కొట్టంలో నిలబెడతాను. "గుండ్లచేను ఎవరిదిరా?" అంటాను. "మీదేగదమ్మా" అంటాడు. "నాది అని చెప్పు" అంటే తల గోక్కుంటాడు. "నాలిక తిరగల్యా తల్లీ. అబద్ధమాడితే నోట్లో పుండ్లు లేస్తాయంట." వాడి పెళ్ళాం మునిరత్నమ్మ కుప్పం పిల్ల, నోరుగలది. పేడ ఎత్తుతూ ఒకటే నవ్వు. "నీ పెండ్లాం నీదేనా అని అడిగినా ఆ మనిసి ఔననడు, ఇంక సేను నాదంటాడా!" అంటుంది.

నెల గడిచింది. ఒకరోజు మీ బావ వచ్చి విసుక్కున్నాడు. "ఆ చేనులో గుండ్లు ఎవరు పెరికినార్రా?" "మా నాయనా నేనూ." "బావి ఎవరు తవ్వినారు?" "మేమే సామీ." "మరి చేను ఎవరిది?" కదిరప్ప పలుగు పట్టి కాయలు కాసిన తన చేతుల వంక చూసుకున్నాడు. "నాది" అన్నాడు. "నాది సామీ. రాయి రాయీ నాకు తెలుసు." మీ బావ వాడి భుజం తట్టి "అట్లా రావాల!" అన్నాడు.

వేలిముద్ర కాగితం పెట్టెలో ఉంది. కరణం శిస్తు రసీదు కదిరప్ప పేర రాసి వాడి చేతికే ఇచ్చాడు. పేరు వాడిది కదా, ఉంచుకోనీలే అన్నాను. వాడు దాన్ని చుట్టచుట్టి వెదురుబొంగులో పెట్టుకున్నాడు.

వేళకు తిను. పొద్దుపోయేదాకా ఆ లా పుస్తకాల మీద పడి నిద్రపోకు.

అక్క వసంతమ్మ


మదనపల్లె
20-1-1976

అక్కా,

గెలిచాం! నిన్న విచారణ అయింది. ఇరవై ఏళ్ళ ప్రాక్టీసులో ఇటువంటి సాక్షిని నేను చూడలేదు. "జీతగాడివి, నీకు తొమ్మిదెకరాలు ఎట్లా వచ్చాయయ్యా?" అని అధికారి గద్దించాడు. కదిరప్ప తొణకలేదు. ఏ గుండు ఏ ఏడాది పెరికాడో, ఏ గుండు కింద వాళ్ళ నాయన కాలు నలిగిందో ఒక్కొక్కటీ చెప్పుకొచ్చాడు. చివరికి ఏడ్చాడు. అధికారి కలం కింద పెట్టేశాడు.

బయటికొచ్చాక, "సామీ, ఇంకెవురన్నా అడిగితే ఏం సెప్పాల?" అన్నాడు. అప్పీలు వచ్చినా రావచ్చు కదా. అందుకని "ఎవరడిగినా, ఎప్పుడడిగినా నీదే" అని గట్టిగా చెప్పాను.

ఇంకొక మాట, ఎవరికీ చెప్పకు. ఎన్నికలు ఎప్పుడొచ్చినా నా పేరు చూస్తామని పార్టీ పెద్దలు కబురుపెట్టారు.

గంగాధరం


బోడిగుట్టపల్లె
10-4-1977

ఎం.పి. గారికి వాళ్ళక్క రాయునది ఏమనగా,

మెడలో దండలు తీశావా, ఇంకా వాటితోనే పడుకుంటున్నావా? అమ్మ పోయినప్పుడు నీకు నాలుగేళ్ళు. చంకనేసుకుని తిరిగాను, పలక మీద చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించాను. బెల్లం ముక్క కోసం నాతో గంటసేపు వాదించేవాడివి. ఆనాడే నాయన "వీడు లాయరవుతాడు" అన్నాడు. ఢిల్లీ దాకా పోతావని మాత్రం ఎవరూ అనుకోలేదు. పేపర్లో నీ బొమ్మ చూసి ఏడ్చేశానురా.

నీకోసం జెండా పట్టుకుని అందరికంటే ఎక్కువ తిరిగింది ఎవరనుకున్నావు? కదిరప్ప. "మా లాయరుసామి నాకు సేను ఇప్పించినాడు" అని గంగవరం దాకా చెప్పుకుంటూ తిరిగాడు. మొన్న చేను గట్టురాళ్ళకు సున్నం కూడా కొట్టాడు. మీ బావ పళ్ళు కొరుకుతున్నాడు. పంట ఇంకా మన ఇంటికే వస్తోంది కదా, సున్నం కొడితే చేనేమైనా కరిగిపోతుందా అని నేనే సర్దిచెప్పాను.

ఒకసారి ఇంటికి వచ్చిపో. సంగటి, అనుములపులుసు చేసి పెడతాను.

అక్క


న్యూఢిల్లీ
24-4-1979

అక్కకు నమస్కారాలు.

ఎండలు ముదిరాయి. రొట్టెలు నమిలి నమిలి దవడలు నొప్పెడుతున్నాయి. సంగటి కలలోకి వస్తోంది.

మొన్న వ్యవసాయం మీద చర్చలో పన్నెండు నిమిషాలు మాట్లాడాను. రాసుకున్న కాగితం పక్కన పెట్టి మన కదిరప్ప కథ చెప్పాను. 'మా ప్రాంతంలో కదిరప్ప అనే కూలి అధికారి ముందు నిలబడి, ఈ చేను నాది, రాయి రాయీ నాకు తెలుసు అన్నాడు. దున్నేవాడిదే భూమి అంటే అదీ!' అన్నాను. రెండు వైపులా బల్లలు చరిచారు. నిజం చెప్పనా? అది మనం కట్టిన కథ అని ఆ నిమిషంలో నాకే గుర్తు లేదు. పేపర్లో వేశారు, ముక్క కత్తిరించి పంపుతున్నాను. బడి పంతులుకు చూపించు.

ఇక్కడ రోజుకు నూరు ఉత్తరాలు వస్తాయి. కొత్తగా చేరిన సెక్రటరీ సుబ్రహ్మణ్యం పద్ధతైన మనిషి. అన్నీ విప్పి, ఏది ఏ అధికారికి చేరాలో వాళ్ళకు పంపేస్తాడు. ఖాళీ లెటర్ కాగితాల మీద నేను ముందే సంతకాలు పెట్టి కట్టలుగా ఇచ్చేస్తాను, పైన టైపు కొట్టుకుంటాడు. నాకు చూసే తీరిక ఏది? నీ ఉత్తరాలు వాటిలో కలవకుండా కవరు మీద 'సొంతం' అని రాయి. అది ఉంటే విప్పడు.

గంగాధరం


బోడిగుట్టపల్లె
3-7-1979

గంగా,

పంపావులే పేపరు ముక్క! కొరివితో తల గోక్కున్నట్టయింది.

పంతులు దాన్ని బడి అరుగు మీద అందరికీ చదివాడు. కదిరప్ప మూడుసార్లు చదివించుకున్నాడు. మరునాడు ఎప్పటిలా వెనక కొట్టం దారిన రాలేదు, వీధి వాకిట్లో నిలబడ్డాడు. "అమ్మా, ఆ సేను నాదని సామి డిల్లీలో సెప్పినాడంట గదా. అంత పెద్ద సభలో అబద్ధం సెప్తారా? ఇంకా నేను మీకాడ జీతం ఉండేది యాల?" అన్నాడు. పొగరుగా కాదురా, నిజంగానే అడిగాడు. మీ బావ చెప్పు తీసుకుని లేచాడు. నేను మధ్యలో పడ్డాను.

వాన పడగానే ఎవరివో ఎద్దులు అడిగి తెచ్చుకుని చేను దున్నాడు. ఈసారి మనింటికి గింజ కూడా రాదని ఊరంతా తెలిసిపోయింది. మీ బావకు తల కొట్టేసినట్టయింది. వాడు దొంగయితే అదిలిస్తే పోయేవాడు. నమ్మినవాణ్ణి ఏం చేస్తాం? నేనూ నేర్పినదాన్నే, కాదనను. కానీ నా మాట ఇప్పుడు వాడు వినడు. నువ్వు నేర్పించిన పాఠం నువ్వే వచ్చి మరిపించు.

అక్క


న్యూఢిల్లీ
18-9-1979

అక్కా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. సభ రద్దయింది. మళ్ళీ టిక్కెట్టు కోసం గుమ్మాలు ఎక్కి దిగుతున్నాను.

నీకు భయమెక్కువ. కదిరప్ప అమాయకుడు, ఒక పంట తిననీ, ఏం పోయింది? ఆ చేను నీది కాదని అతనికి నేను ఒక్క ముక్క కూడా రాయలేను. ఆ కాగితం ఎవరికైనా దొరికితే నా ప్రసంగం ఏమవుతుంది? బావ రాసిచ్చిన లెక్క ఏమవుతుంది? ఇద్దరం జైలుకు పోతాం. ట్రంకుపెట్టె తెరవొద్దని బావకు చెప్పు. దసరాకు వచ్చి నోటితోనే చెప్తాను, ఒట్టు.

గంగాధరం


బోడిగుట్టపల్లె
12-11-1979

గంగా,

దసరా పోయింది, దీపావళీ పోయింది. నువ్వు మదనపల్లెకు వచ్చి వారం ఉండి పోయావని పేపరు చూస్తే తెలిసింది. పద్దెనిమిది మైళ్ళ దూరంలో అక్క ఉందని గుర్తు రాలేదా? కోర్టులో వాయిదాలు అడిగీ అడిగీ నీకు బతుకంతా వాయిదా అయిపోయింది.

కదిరప్ప నడిచి మదనపల్లె వచ్చాడు. మూడు రోజులు నీ గేటు దగ్గర కూర్చున్నాడు. నీ మనుషులు టీ ఇచ్చి, ఒక జెండా చేతికిచ్చి పంపారట. తిరిగొచ్చి నాతో ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "అమ్మా, సామి నా ఎదరగా నిలబడి, కదిరప్పా అది నీది కాదురా అని ఒక్క మాట అననీ. ఆ పొద్దే పార ఆడే పారేసి కుప్పం పోతాం. వేరేవాళ్ళు సెబితే మాత్రం ఇనను."

మీ బావ నా మాట వినకుండా వేలిముద్ర కాగితం తీసి కరణం చేత నింపించి వాడికి చూపించాడు. కదిరప్ప "ముద్ర నాదే సామీ. అది ఏసినపుడు రాత లేదు గదా" అన్నాడు. నలుగురి ముందు అన్నాడు. ఆనాటినుంచి మీ బావకు అన్నం సహించడంలేదు. వాడు రాగులు వేశాడు, పైరు బాగా ఎదిగింది. కోతకొచ్చేలోగా ఏదో ఒకటి జరుగుతుంది. వీళ్ళకు ఎన్నాళ్ళు అడ్డం పడను? రెండు నిమిషాల పని. వచ్చిపో తండ్రీ, నీ కాళ్ళు పట్టుకుంటాను.

అక్క


మదనపల్లె
15-12-1979

అక్కా,

పరుగుల మీద రాస్తున్నాను. ఓట్లు మూడు వారాల్లోకి వచ్చాయి. పార్టీవాళ్ళు కదిరప్ప ఫోటో పోస్టర్ల మీద వేశారు. కింద 'రాయి రాయీ నాకు తెలుసు' అని పెద్దక్షరాలు. ఇప్పుడు పోయి నీది కాదని ఎట్లా చెప్పను? ఓట్లయ్యేదాకా అతని మీద ఎవరి చెయ్యీ పడకూడదని బావకు గట్టిగా చెప్పు. ఆ తర్వాత వచ్చి నేనే చూసుకుంటాను.

గంగాధరం


బోడిగుట్టపల్లె
30-1-1980

గంగాధరానికి,

గెలిచావు. సంతోషం. కదిరప్ప చనిపోయాడు.

'ఓట్లయ్యేదాకా' అని నువ్వు రాసింది మీ బావ రెండుసార్లు చదువుకున్నాడు. ఓట్లయ్యాక అడ్డులేదని అర్థం చేసుకున్నాడు. శుక్రవారం పొద్దున నలుగురిని వెంటేసుకుని రాగులు కోయడానికి పోయాడు. కోతగాళ్ళకు సంగటి గంప నెత్తిన పెట్టుకుని నేను పోయేసరికి కదిరప్ప బావి గట్టు మీద నిలబడి ఉన్నాడు. చేతిలో కర్ర లేదు, కొడవలి లేదు. రసీదుల వెదురుబొంగు ఉంది. "సామి వచ్చి సెప్పేదాకా కొయ్యొద్దప్పా, మీకు దండం పెడతా" అంటున్నాడు. అరవడంలేదు, బతిమాలుతున్నాడు. మీ బావ కర్రతో తల మీద కొట్టాడు. ఒక్కటే దెబ్బ. ఇద్దరు కాళ్ళు పట్టి ఎత్తి బావిలోకి వేశారు. నీళ్ళ చప్పుడు విన్నాను. గంప నా నెత్తిమీదే ఉంది. దించాలని కూడా తోచలేదు.

మీ బావ ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని అన్నం పెట్టమన్నాడు. పెట్టాను. ఎందుకు పెట్టానని నన్నడగొద్దు.

నీళ్ళ మీద తేలుతున్న బొంగును మునిరత్నమ్మ తీసుకుంది. మా ఇంటి వంక కూడా చూడకుండా నడుచుకుంటూ పుంగనూరు పోయి ఫిర్యాదు ఇచ్చింది.

నువ్వు చెప్పాల్సింది ఒక్క మాట గంగా. ఒక్క మాట.

వసంతమ్మ


న్యూఢిల్లీ
6-2-1980

అక్కా,

రెండు రోజులుగా నిద్ర లేదు. జరిగింది జరిగిపోయింది. పోయినవాణ్ణి తేలేం. ఉన్నవాళ్ళను కాపాడుకోవాలి.

విచారణకు అధికారి వస్తాడు. ఆ నలుగురూ బావ మనుషులు, నోరు విప్పరు. నువ్వు చూశావని ఊరికి తెలుసు కాబట్టి నిన్ను అడుగుతారు. చెప్పాల్సింది ఇది. కదిరప్ప నీళ్ళు చేదుతూ కాలు జారాడు. తల రాతికి తగిలింది. బావ ఆ పొద్దు ఇల్లు కదలలేదు. ఇంతే. రోజూ చెప్పుకో, గొడ్డుకు నీళ్ళు తాపినట్టు వేళకు. కడుపులోనుంచి రావాలి. నువ్వు తడబడితే బావకు ఉరి పడుతుంది, నీ పసుపుకుంకుమలు పోతాయి. నా సంగతి వదిలెయ్.

నీ ఉత్తరం కాల్చేశాను. ఇది కూడా కాల్చెయ్.

గంగాధరం


బోడిగుట్టపల్లె
25-2-1980

గంగాధరానికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. అదే కొట్టంలో, పాలు పితికే ముందు, అదే వేళకు. "కాలు జారాడు" అని ఆవులకు చెప్పాను. మొదటి నాలుగు రోజులు నాలుక తిరగలేదు. ఆనాడు కదిరప్ప పడిన అవస్థ ఏమిటో ఇప్పుడు తెలిసింది. పదో రోజుకు తిరిగింది.

నిన్న అధికారి అడిగాడు. చెప్పాను. మునిరత్నమ్మ ఆ మూల నిలబడి ఉంది. "అమ్మా, నువ్వన్నా నిజం సెప్పు. నీ కాళ్ళకాడ పడుంటిమి గదమ్మా" అంది. దాని మొహంలోకి చూస్తూ మళ్ళీ చెప్పాను, కాలు జారాడని. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. పాపం, అధికారి నాకు మంచినీళ్ళు తెప్పించాడు. ఇంత మంచి సాక్షి నీకు మళ్ళీ దొరకదు.

కేసు ముగిసినట్టేనని మీ బావ అంటున్నాడు. మునిరత్నమ్మ బొంగు పట్టుకుని కుప్పం బస్సెక్కింది.

ఒకటి చెప్తాను విను. రాత్రినుంచి కళ్ళు మూసుకుంటే నాకు కర్ర కనిపించడంలేదు. తడిసిన గట్టు, జారిన కాలు కనిపిస్తున్నాయి. భయంగా ఉందిరా. ఇంకొక నెల పోతే వాడు జారే పడ్డాడని నేను నిజంగా నమ్మేస్తాను. అప్పుడు వాడు ఎట్లా పోయాడో చెప్పేవాళ్ళు ఎవరూ మిగలరు. రాసిపెట్టిన ఒక్క ఉత్తరం నువ్వు కాల్చేశావు.

వసంతమ్మ


బోడిగుట్టపల్లె
8-3-1980

గౌరవనీయులైన పార్లమెంటు సభ్యులు శ్రీ గంగాధరం గారికి, బోడిగుట్టపల్లె ఓటరు వసంతమ్మ రాసుకున్న అర్జీ.

అయ్యా,

మీరు పార్లమెంటులో చెప్పిన కదిరప్ప జనవరి 25వ తేదీన కాలు జారి పడలేదు. నా భర్త వెంకటేశులు కర్రతో తల మీద కొట్టగా, ఇద్దరు కూలీలు ఎత్తి బావిలో వేశారు. నేను పది అడుగుల దూరంలో ఉండి చూశాను. విచారణలో అబద్ధం చెప్పాను. అది నాకు నేర్పినవారి పేరు అధికారులు అడిగితే చెప్తాను.

గుండ్లచేను కదిరప్పది. మేము దొంగ కాగితం రాసిన మాట నిజమే. కానీ గుండ్లు పెరికింది, బావి తవ్వింది అతను, అతని నాయన. శిస్తు రసీదులు కుప్పంలో అతని భార్య మునిరత్నమ్మ దగ్గర ఉన్నాయి. ఆమె చిరునామా వెనకవైపు రాశాను.

మరిచిపోకముందే రాస్తున్నాను. తగిన చర్య తీసుకోవలెనని ప్రార్థన.

ఇది సొంత ఉత్తరం కాదు. కవరు మీద అట్లా రాయలేదు.

ఇట్లు
వెంకటేశులు భార్య వసంతమ్మ


న్యూఢిల్లీ
19-3-1980

శ్రీమతి వసంతమ్మ గారికి,

మీ 8-3-1980 నాటి అర్జీ అందినది. తక్షణ విచారణ జరిపించవలసినదిగా కోరుతూ జిల్లా కలెక్టరు గారికి, పోలీసు సూపరింటెండెంటు గారికి ఎం.పి. గారి సంతకంతో లేఖలు, మీ అర్జీ నకళ్ళు పంపడమైనది. శ్రీమతి మునిరత్నమ్మ గారికి కుప్పం చిరునామాకు కూడా ఒక నకలు పంపడమైనది.

దున్నేవారి పక్షాన ఎం.పి. గారు ఎల్లప్పుడూ నిలబడతారని తెలియజేయుటకు సంతోషిస్తున్నాను. వారు ప్రస్తుతం పర్యటనలో ఉన్నారు. తిరిగి రాగానే ఈ విషయం వారి దృష్టికి తీసుకురాగలను.

సుబ్రహ్మణ్యం
వ్యక్తిగత కార్యదర్శి